పళ్లికరణైలో పక్షులు తగ్గాయా? ముందు నీళ్ళు ఎంత లోతున్నాయో చూడాలి

ప్రతి జనవరిలోనూ చెన్నైలో ఒకే విషయం మీద రెండు రకాల వార్తలు వస్తాయి. పళ్లికరణై చిత్తడి నేలకి ఈసారి వలస పక్షులు తగ్గాయని ఒకరు రాస్తారు. నెల తిరక్కుండానే అక్కడే ఫ్లెమింగోలు బారులు తీరాయని ఇంకొకరు ఫొటోలు వేస్తారు. వేళచ్చేరి, పెరుంగుడి, తొరైపాక్కం అపార్ట్‌మెంట్లలో ఉండే మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఈ రెండూ తిరుగుతూనే ఉంటాయి. "వానలు బాగా పడ్డాయి కదా, పక్షులు ఎక్కువ రావాలి కదా, మరి ఏవీ?" అని నన్ను చాలామంది అడిగారు. వానలు బాగా పడినందువల్లే డిసెంబరులో అక్కడ కొన్ని రకాల పక్షులు కనిపించవు. ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ, కారణం తెలిస్తే తేలిగ్గానే అర్థమవుతుంది.

పక్షుల లెక్క అని పేపర్లో వచ్చే అంకెలో మూడు విషయాలు కలిసిపోయి ఉంటాయి. నిజంగా ఎన్ని పక్షులు వచ్చాయి, ఆ రోజు నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి, ఎంతమంది ఎంతసేపు చూశారు. ఈ మూడింటినీ విడదీయకుండా "తగ్గాయి", "పెరిగాయి" అంటే ఆ మాటకి పెద్దగా అర్థం ఉండదు.

చలికాలంలో కనిపించేవన్నీ దూరదేశాల పక్షులు కావు

చెన్నై చుట్టుపక్కల నవంబరు నుంచి మార్చి దాకా కనిపించే నీటి పక్షుల్లో కొన్ని ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటాయి. నీటికాకులు, తెల్లకొంగలు, ఊదా రంగు స్వాంప్‌హెన్‌లు ఈ కోవలోవి. ఇంకొన్ని దేశంలోపలే నీళ్ళూ తిండీ చూసుకుంటూ చోటు మారుతుంటాయి. గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు, ఓపెన్‌బిల్ కొంగలు, ఫ్లెమింగోలు అలాంటివి. ఫ్లెమింగోలయితే గుజరాత్‌లోని కచ్ రణ్‌లో పెద్ద ఎత్తున గూళ్ళు కడతాయి. మిగిలినవే అసలైన దూర ప్రయాణికులు. పిన్‌టెయిల్, గార్గనీ, షోవెలర్ బాతులు, బురద అంచుల్లో మేసే స్టింట్లు, శాండ్‌పైపర్లు, గాడ్‌విట్లు, మార్ష్ హారియర్ అనే గద్ద ఇందులోకి వస్తాయి. ఇవి ఎండాకాలంలో మధ్య ఆసియా నుంచి ఆర్కిటిక్ దాకా ఉన్న చల్లటి నేలల్లో పిల్లల్ని చేసి, అక్కడ నీళ్ళు గడ్డకట్టే లోపు దక్షిణానికి దిగుతాయి. ఇవి వచ్చే దారిని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. దాని పరిధిలో 30 దేశాలున్నాయి.

తేలినీలాపురంలో, నేలపట్టులో, ఉప్పలపాడులో చెట్ల మీద గూళ్ళు కట్టే కొంగల్నీ గూడబాతుల్నీ మనవైపు సైబీరియా పక్షులనడం అలవాటు. అవి ఈ దేశపు పక్షులే. వేల కిలోమీటర్ల నుంచి వచ్చే బాతులూ శాండ్‌పైపర్లూ ఇక్కడ గూడు కట్టవు, తిండి కోసమే వస్తాయి. అసలు సైబీరియా కొంగ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి వచ్చేది, అది కూడా 2002 తర్వాత రావడం మానేసింది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, గూడు కట్టే పక్షికీ మేతకి వచ్చే పక్షికీ కావలసిన నీళ్ళు వేరు. చెన్నైకి దక్షిణంగా సుమారు 75 కిలోమీటర్ల దూరంలో వేడంతాంగల్ ఉంది. ఊరివాళ్ళు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన చెరువు అది. 1798లో అప్పటి కలెక్టరు లయొనెల్ ప్లేస్ దగ్గర వాళ్ళు పక్షుల రక్షణకి రాతపూర్వకంగా హామీ తీసుకున్నారు. అక్కడ చెట్లు చెరువు లోపలే ఉంటాయి. చెరువు నిండితే చెట్ల మొదళ్ళు నీళ్ళలో మునిగి, పిల్లులూ నక్కలూ గూళ్ళ దాకా రాలేవు, కొంగలు ధైర్యంగా గుడ్లు పెడతాయి. అంటే మంచి వాన పడిన ఏడు వేడంతాంగల్‌లో అంకె పెరుగుతుంది. అదే వాన పళ్లికరణైలో బురద అంచుల్ని ముంచి శాండ్‌పైపర్ల అంకెని తగ్గిస్తుంది. రెండు వార్తలూ పక్కపక్కన చదివినవాళ్ళు తికమక పడటంలో ఆశ్చర్యం లేదు.

పళ్లికరణైకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, ఎటు పోతాయి

దక్షిణ చెన్నైకి ఇది సహజంగా ఏర్పడిన పల్లపు నేల. సుమారు 250 చదరపు కిలోమీటర్ల మేర కురిసిన వాన, పైనున్న చెరువులు ఒకదాని తర్వాత ఒకటి నిండి అలుగులు పారితే, చివరికి ఇక్కడికే చేరుతుంది. ఇక్కడి నుంచి ఒక్కియం మడువు అనే కాలువ గుండా బకింగ్‌హాం కాలువలో కలిసి, ముట్టుకాడు, కోవళం దగ్గర సముద్రంలోకి పోతుంది. వచ్చే దారులు చాలా, పోయే దారి ఇరుకు. అందుకే నీళ్ళు నెలల తరబడి నిలుస్తాయి.

1960ల్లో ఈ చిత్తడి 5,000 హెక్టార్లకు పైగా ఉండేదని చెబుతారు. తర్వాత కాలనీలు, ఐటీ కంపెనీలు, పెరుంగుడి చెత్త గుట్టలు, అడ్డంగా రోడ్లు వచ్చాయి. 2007లో కొంత భాగాన్ని రిజర్వ్ ఫారెస్టుగా ప్రకటించారు. 2022లో దాదాపు 1,248 హెక్టార్లకు రామ్‌సర్ గుర్తింపు, అంటే ముఖ్యమైన చిత్తడి నేలలకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు, దక్కింది. పల్లావరం–తొరైపాక్కం రేడియల్ రోడ్డు ఈ చిత్తడి మీదుగానే పోతుంది. పక్షుల్ని చూసేవాళ్ళలో చాలామంది ఆ రోడ్డు పక్కనే బైనాక్యులర్ పట్టుకుని నిలబడతారు. అంటే మన లెక్కలు చాలావరకు రోడ్డు మీద నుంచి కంటికి ఆనే భాగానివే. రెల్లు వెనక ఏముందో ఆ అంకెల్లోకి రాదు.

కాలి పొడవు ఎంతో, పక్షికి పనికొచ్చే లోతు అంత

లిటిల్ స్టింట్ అని ఒక పిట్ట ఉంది. అరచేతిలో ఇమిడిపోతుంది, ఆర్కిటిక్ తీరాల దగ్గర పుట్టి ఇక్కడికి వస్తుంది. నీళ్ళు అప్పుడే దిగిన బురద అంచున దాన్ని దగ్గరగా చూడండి. కుట్టుమిషన్ సూదిలా ముక్కు ఆడిస్తూ, రెండడుగులు పరిగెత్తి మళ్ళీ పొడుస్తుంది. కాళ్ళు తడుస్తాయి, పొట్ట తడవదు. దానికి రెండు మూడు సెంటీమీటర్ల నీళ్ళు చాలు. అంతకు మించితే తిండి కళ్ళ ముందే ఉన్నా అందదు. అదే చోట, ఒడ్డు నుంచి నాలుగు అడుగులు అవతల గాడ్‌విట్ నిలబడుతుంది. దాని ముక్కు పది సెంటీమీటర్లుంటుంది, తల మొత్తం నీళ్ళలో ముంచి అడుగు బురదలో వెతుకుతుంది. ఇంకాస్త లోపల గులాబి రంగు పొడుగు కాళ్ళ స్టిల్ట్. పిన్‌టెయిల్ లాంటి బాతులు తల నీళ్ళలో ముంచి, తోక పైకి పెట్టి, అడుగున ఉన్నది అందుకుంటాయి. వాటికి సుమారు ముప్ఫై సెంటీమీటర్ల దాకా పర్వాలేదు. ఫ్లెమింగో అంతకంటే లోతులోనూ నడుస్తుంది. నీటికాకులకీ గూడబాతులకీ లోతైన నీళ్ళూ చేపలూ కావాలి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. అంకెలు కేవలం అర్థం కావడానికి నేను వేసుకున్నవి. వంద హెక్టార్ల చిత్తడి అనుకోండి. ఈశాన్య రుతుపవనాలు దంచికొట్టిన తర్వాత, డిసెంబరు చివర్లో, అందులో 80 హెక్టార్లు ముప్ఫై సెంటీమీటర్ల కన్నా లోతు, 15 హెక్టార్లు ఓ మోస్తరు లోతు, 5 హెక్టార్లు మాత్రమే పలచటి బురద. స్టింట్ల వంటి చిన్న పక్షులు పలచటి బురదలో హెక్టారుకి నలభై చొప్పున మేస్తాయనుకుంటే, అక్కడ 200 కనిపిస్తాయి. ఫిబ్రవరి చివరికి కొంత నీరు ఆవిరై, కొంత మడువులోంచి పోయి, లోతైన భాగం 30 హెక్టార్లకి తగ్గింది, మోస్తరు లోతు 40, పలచటి బురద 30. అదే హెక్టారుకి నలభై లెక్కన ఇప్పుడు 1,200 చిన్న పక్షులు. ఆరు రెట్లు! ఆర్కిటిక్ నుంచి ఒక్క పిట్ట కూడా కొత్తగా రాలేదు. అవి అప్పటిదాకా వేరే చోట ఉన్నాయి, ఇక్కడ చోటు దొరికింది కాబట్టి వచ్చాయి. ఇదే సమయంలో నీటికాకుల చోటు 80 నుంచి 30కి పడిపోయింది. ఒకే చిత్తడి గురించి ఒకరు "పెరిగాయి" అనొచ్చు, ఇంకొకరు "తగ్గాయి" అనొచ్చు, ఇద్దరిదీ నిజమే.

వాన ముఖం చాటేసిన ఏడు దీనికి తలకిందులు. డిసెంబరులోనే బురద తేలుతుంది, చిన్న చెరువులన్నీ ఎండి పక్షులన్నీ మిగిలిన ఒక్క చోటికి చేరతాయి. రోడ్డు పక్కన నిలబడితే కన్నుల పండుగే. కానీ ఆ రద్దీకి అర్థం చుట్టుపక్కల నీళ్ళు లేవని. నా మటుకు నాకు, ఒక్కచోట మరీ ఎక్కువ పక్షులు కనిపించిన ఏడే దిగులు వేస్తుంది.

పక్కనున్న నీళ్ళని మరిచిపోతే లెక్క తప్పుతుంది

పెరుంబాక్కం, షోలింగనల్లూర్ తడి నేలలు, కేలంబాక్కం ఉప్పుటేరు, ముట్టుకాడు బ్యాక్‌వాటర్లు, ఉత్తరాన పులికాట్ సరస్సు అన్నీ పక్షికి ఒక్క ఎగురు దూరంలో ఉన్న చోట్లే. ఫ్లెమింగోల గుంపు ఇవాళ పళ్లికరణైలో ఉండి, రేపు సూళ్ళూరుపేట వైపు తేలొచ్చు. ఒక్క చోటు చూసి మొత్తం చెప్పడం, సంక్రాంతి పండగ రోజున టీ నగర్ రోడ్ల మీద జనాన్ని లెక్కపెట్టి చెన్నై జనాభా పడిపోయిందన్నట్టు ఉంటుంది. అందుకే తమిళనాడు అటవీ శాఖ చలికాలంలో చిత్తడి నేలల పక్షుల గణనని చాలాచోట్ల ఒకేసారి చేయిస్తుంది. నెల్లూరు, తిరుపతి జిల్లాల లెక్క కూడా అదే వారం పక్కన పెట్టుకుని చూస్తే బొమ్మ ఇంకా స్పష్టంగా ఉంటుంది. పులికాట్ కొంత ఆంధ్రాలో, కొంత తమిళనాడులో ఉందని పక్షులకి ఎవరూ చెప్పలేదు కదా.

గుంపులో ఉన్న పక్షుల్ని ఎలా లెక్కపెడతారు

వెయ్యి బాతుల్ని ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టలేరు. ముందు గుంపులో ఒక మూల యాభై పక్షుల్ని జాగ్రత్తగా లెక్కపెట్టి, ఆ యాభై ఎంత మేర ఉన్నాయో కంటితో కొలుచుకుంటారు. తర్వాత అలాంటి ముక్కలు మొత్తం గుంపులో ఎన్ని పడతాయో చూస్తారు. ఇరవై పడితే సుమారు వెయ్యి. గుంపు ఒకవైపు చిక్కగా, ఒకవైపు పలచగా ఉంటే ఇద్దరి లెక్కల్లో వందల తేడా వస్తుంది. ఈలోపు మార్ష్ హారియర్ రెల్లు మీదుగా బారుగా రెక్కలు చాచి వచ్చిందంటే, నీళ్ళ మీదున్నవన్నీ ఒక్కసారిగా లేస్తాయి. గాల్లో ఒక చుట్టు తిరిగి ఎక్కడెక్కడో దిగుతాయి. అంతసేపు వేసిన లెక్క గాలిలో కలిసినట్టే, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

లెక్కలు ప్రధానంగా రెండు పద్ధతుల్లో జరుగుతాయి. ఒకటి నిర్ణీత రోజుల్లో, నిర్ణీత చోట్లలో చేసే గణన. 1987 నుంచి ఏటా జనవరిలో జరిగే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ ఇలాంటిది. ఏటా అదే సమయంలో అవే చోట్లు చూడటం దీని బలం. జనవరి రెండో వారంలో ఆలస్యంగా తుఫాను వాన పడితే ఆ ఏటి అంకె మొత్తం తారుమారవడం దీని బలహీనత. రెండోది ఈబర్డ్ వంటి వెబ్‌సైట్లకి, తాము చూసిన పక్షుల పేర్లతో మామూలు జనం పంపే జాబితాలు. 2015లో మొదలైన పొంగల్ బర్డ్ కౌంట్ ఈ తరహాదే. కనీసం పావుగంట చూసి, చూసినవన్నీ రాసి పంపితే చాలు. ఏడాదంతా సమాచారం వస్తుంది కానీ, చూసేవాళ్ళ సంఖ్య ఏటేటా మారుతుంది.

ఆ రెండో దానిలో జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఒక చోట మొదటి ఏడు 20 జాబితాలు వచ్చి, అందులో 6 జాబితాల్లో పిన్‌టెయిల్ ఉందనుకుందాం. అయిదేళ్ళకి జాబితాలు 100కి పెరిగాయి, పిన్‌టెయిల్ 20 జాబితాల్లో ఉంది. ఆరుసార్లు కనిపించింది ఇరవైసార్లకి పెరిగిందని సంబరపడొచ్చు. కానీ జాబితాల వాటా చూస్తే 30 శాతం నుంచి 20 శాతానికి దిగింది. చూసే కళ్ళు పెరిగాయి, పక్షి కనబడే అవకాశం తగ్గింది. అందుకే ఇలాంటి సమాచారంతో పనిచేసేవాళ్ళు ఎన్నిసార్లు కనిపించిందని కాక, పంపిన జాబితాల్లో ఎంత వాటాలో కనిపించిందని చూస్తారు.

"120 రకాలు" అన్న అంకె, "20,000 పక్షులు" అన్న అంకె వేర్వేరు విషయాలని కూడా గుర్తుంచుకోవాలి. రకాలు పెరిగినా పక్షులు తగ్గొచ్చు.

మరి నిజంగా తగ్గుతున్నాయా?

ఒక్క చిత్తడి, ఒక్క ఏడు చూసి చెప్పలేం అన్నామంటే అంతా బాగానే ఉందని కాదు. వేలమంది పక్షి ప్రియులు ఏళ్ళ తరబడి పంపిన జాబితాల ఆధారంగా 2023లో దేశవ్యాప్త నివేదిక ఒకటి వచ్చింది, పేరు స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్. దీర్ఘకాలిక ధోరణి చెప్పగలిగినంత సమాచారం 338 జాతులకే ఉంది. వాటిలో 60 శాతం జాతులు తగ్గాయి. బాగా దెబ్బతిన్న గుంపుల్లో నీటి ఒడ్డున మేసే వలస పక్షులూ బాతులూ ఉన్నాయి. వీటికి గుడ్లు పెట్టే చోటా, దారిలో ఆగే చోటా, ఇక్కడా కష్టాలున్నాయి కాబట్టి నేరం ఏ ఒక్క చోటి మీదా వేయలేం. ఏటేటా ఊగే అంకెల కింద మెల్లగా జారుతున్న గీత ఒకటి ఉంది, ఆ రెండింటినీ కలపకూడదు. ఈ జనవరి అంకె చూసి భయపడటమూ తప్పే, ఈ ఫిబ్రవరి ఫొటో చూసి ధీమాగా ఉండటమూ తప్పే.

పూడిక తీయాలా, వద్దా అన్న వాదన

2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులోనూ ఈ ప్రాంతం ఇళ్ళు నడుము లోతు నీళ్ళలో ఉండటం చూసినవాళ్ళకి ఒక కోరిక కలుగుతుంది: చిత్తడిని తవ్వి లోతు చేస్తే ఇంకా నీళ్ళు పడతాయి కదా అని. మెట్లదాకా నీళ్ళొచ్చి, కారు పోగొట్టుకుని, కరెంటు లేక రోజులు గడిపిన కుటుంబం ఇలా అడగడం న్యాయమే. దశాబ్దాల పూడిక, చెత్త, గుర్రపుడెక్క పేరుకుపోయి చిత్తడి పట్టే నీరు తగ్గిందన్నదీ నిజమే.

పక్షుల వైపు నుంచి చూస్తే మొత్తం ఒకే లోతుకి తవ్వితే అది చిత్తడి కాదు, చెరువు. పై లెక్కలో చూసిన ఆ 30 హెక్టార్ల పలచటి బురద ఫిబ్రవరిలో కూడా రాదు. నీటికాకులు మిగులుతాయి, స్టింట్లకి చోటుండదు. పైగా వరద సమయానికి చిత్తడి అప్పటికే నిండి ఉంటే ఎంత లోతున్నా ఉపయోగం తక్కువ. నీళ్ళు బయటికి పోయే ఒక్కియం మడువు వెడల్పూ, పైనున్న చెరువులు నీళ్ళని పట్టి ఉంచగలగడమూ ముఖ్యమని నీటి నిపుణులు అంటారు.

ఈ రెండింటికీ మధ్య దారి ఉంది. కొన్ని చోట్ల లోతైన కాలువలు, వాటి పక్కన ఏటవాలుగా పైకి వచ్చే ఒడ్లు ఉంటే నీరు దిగేకొద్దీ వారం వారం కొత్త బురద అంచు తేలుతుంది. ఖర్చూ, పర్యవేక్షణా ఎక్కువ. పొక్లెయిన్ నడిపే కాంట్రాక్టరుకి అంతా ఒకే లోతుకి తవ్వడమే సులువు, కాబట్టి ఈ వివరం టెండరు కాగితంలోనే ఉండాలి.

మురుగునీటి విషయంలోనూ రెండు అభిప్రాయాలున్నాయి. ఇళ్ళ నుంచి వచ్చే నీళ్ళ వల్లే ఎండాకాలంలోనూ చిత్తడి ఎండదు, అందుకే ఫ్లెమింగోలు ఎక్కువకాలం ఉంటున్నాయని కొందరంటారు. అందులో కొంత నిజముంది. కానీ శుద్ధి చేయని మురుగుతో నాచూ గుర్రపుడెక్కా పెరిగి, నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది, పలచటి బురద అంచులు మొక్కల కింద మూసుకుపోతాయి. అన్నిటికంటే, సహజంగా ఎండి మళ్ళీ నిండే చక్రం పోతుంది. కొందరికి లాభం, కొందరికి నష్టం, ఏ పక్షి గురించి అడుగుతున్నామన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది.

రామ్‌సర్ హద్దు, ఒక కిలోమీటరు గొడవ

1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన ఒప్పందం కింద ఇచ్చే గుర్తింపు ఇది. తొమ్మిది ప్రమాణాల్లో కనీసం ఒకటి నెగ్గాలి. వాటిలో రెండు నేరుగా మనం మాట్లాడుతున్న లెక్కలకి సంబంధించినవి. తరచుగా 20,000 నీటి పక్షులు ఉండటం ఒకటి, ఏదైనా జాతి మొత్తం సంఖ్యలో ఒక శాతం అక్కడ ఉండటం ఇంకొకటి. గుర్తింపు వచ్చినంత మాత్రాన అదే చట్టం కాదు. మన దేశంలో నిషేధాలు 2017 చిత్తడి నేలల నియమాల నుంచి వస్తాయి. ఆక్రమణ, చెత్త వేయడం, శుద్ధి చేయని మురుగు వదలడం వాటిలో ఉన్నాయి. అవే నియమాల్లో ప్రభావ ప్రాంతం అన్న భావన కూడా ఉంది. చిత్తడికి నీళ్ళొచ్చే పరీవాహక ప్రాంతంలో ఎంతవరకు నిర్మాణాలు జరిగితే చిత్తడి దెబ్బతింటుందో, అంతవరకు అని దాని అర్థం.

పళ్లికరణైకి ఆ హద్దు ఇంకా తేలకపోవడంతో 2025 సెప్టెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం, అది తేలేదాకా రామ్‌సర్ ప్రాంతంలోనూ దాని చుట్టూ ఒక కిలోమీటరు మేరా నిర్మాణాలకి కొత్త అనుమతులు ఇవ్వొద్దని ఆదేశించింది. అప్పు చేసి ఫ్లాటు బుక్ చేసుకున్నవాళ్ళకీ, సొంత స్థలంలో ఇల్లు కట్టుకుందామనుకున్నవాళ్ళకీ ఇది పెద్ద టెన్షన్. వాళ్ళు అడిగేది ఒకటే: అన్ని వైపులా గుండ్రంగా ఒకే కిలోమీటరు ఎందుకు? ఇది తాత్కాలిక ఏర్పాటే కాబట్టి, అధ్యయనం పూర్తయితే కొన్ని వైపుల హద్దు తగ్గొచ్చు, చెరువుల అలుగు నీళ్ళు వచ్చే వైపు పెరగొచ్చు కూడా.

నీరు గుండ్రంగా రాదు, దారుల వెంట వస్తుంది. ఎగువ చెరువులోంచి మెల్లగా దిగివచ్చే నీళ్ళు నెలల పాటు కొద్దికొద్దిగా చిత్తడిని తడుపుతాయి. కాంక్రీటు మీద పడి డ్రెయిన్లలోంచి దూసుకొచ్చే నీళ్ళు ఒక్క రాత్రిలో అంతా ముంచి, వాన ఆగాక రావడం మానేస్తాయి. ఫిబ్రవరిలో బురద అంచు ఎన్ని హెక్టార్లు తేలుతుంది, ఎన్ని వారాలు నిలుస్తుంది అన్నది అలా పైనున్న వీధుల్లోనే తేలిపోతుంది. హద్దు గీసే అధ్యయనం బయటికి వచ్చాక పటంలో చూడవలసింది ఆ నీటి దారులని. ఈలోపు పక్షుల జాబితా పంపేవాళ్ళు పక్కన ఒక్క వాక్యం రాస్తే, రోడ్డు కల్వర్టు గోడ మీద నీటి గుర్తు ఆ రోజు ఎక్కడుందో రాస్తే, పదేళ్ళ తర్వాత ఆ జాబితాల విలువ ఎన్నో రెట్లవుతుంది.